ఇందిరాపురంలో పెకాన్ కాస్తుందా?

దీపావళి దగ్గరపడే కొద్దీ ఢిల్లీ శివార్లలోని ఇందిరాపురంలో మిఠాయి దుకాణాల ముందు డ్రై ఫ్రూట్స్ పెట్టెలు గుట్టలుగా పేరుస్తారు. జీడిపప్పు, బాదం, పిస్తా, కిస్‌మిస్ వరుసలో ఇప్పుడు మరో పప్పు కూడా కనిపిస్తోంది. చూడటానికి అక్రోటు పప్పులా ముడతలు పడి ఉంటుంది. కానీ దానికన్నా సన్నగా, పొడుగ్గా, నున్నగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే అక్రోటులోని వగరు తక్కువ, వెన్న లాంటి కమ్మదనం ఎక్కువ. అదే పెకాన్. హికరీ జాతి చెట్లలో ప్రపంచమంతా తోటలుగా పెంచుతున్న ముఖ్యమైన చెట్టు ఇది.

రుచి నచ్చింది, ధర మాత్రం జీడిపప్పును మించిపోయింది. అలాంటప్పుడు ‘మొక్క తెచ్చి మనమే పెంచుకుంటే?’ అన్న ఆలోచన రావడం సహజం. ఆన్‌లైన్‌లో వెతికితే మొక్కలూ దొరుకుతాయి. బాల్కనీలో కుండీ పెడదామని ఒకరు, అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న పార్కులో నాటిద్దామని మరొకరు అనుకోవచ్చు. ఇంతకీ గాజియాబాద్ జిల్లా మైదానంలో, ఇరవై అంతస్తుల భవనాల నడుమ పెకాన్ చెట్టు కాయలు కాస్తుందా?

మొక్క బతకవచ్చు. కాయ కాయడం వేరే సంగతి. పెకాన్ తన యజమానిని నాలుగు విషయాలు అడుగుతుంది: తగినంత చలికాలం, సరైన తోడు, లోతైన నేల, ఆకులకు అందేంత జింకు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ సంగతి బయటపడేసరికి ఏడెనిమిదేళ్లు గడిచిపోతాయి. టమాటా మొక్క విషయంలో పొరపాటు చేస్తే మూడు నెలల్లో తెలిసిపోతుంది. పెకాన్ విషయంలో చేసిన పొరపాటు ఒక దశాబ్దాన్ని మింగేస్తుంది. అందుకే నాటే ముందే ఈ చెట్టు జీవశాస్త్రం తెలుసుకోవాలి.

పాల నుంచి వచ్చిన పేరు

హికరీ చెట్లు అక్రోటు కుటుంబానికి చెందినవి. ఈ ప్రజాతి శాస్త్రీయ నామం ‘కార్యా’. ఇందులోని జాతుల్లో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతానివి. కొన్ని ఆసియాలోనూ ఉన్నాయి. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో కొండవాలు ఊళ్లు చైనా హికరీ కాయల మీద బతుకుతున్నాయి. పెకాన్ శాస్త్రీయ నామం కార్యా ఇల్లినోయినెన్సిస్. మిసిసిపీ నదీ లోయ, టెక్సస్, మెక్సికో ప్రాంతాల్లో నదుల ఒడ్డున లోతైన ఒండ్రు నేలల్లో ఇది సహజంగా పెరిగింది. ఈ చెట్టు స్వభావం అర్థం కావాలంటే ‘నది ఒడ్డు, లోతైన ఒండ్రు’ అన్న రెండు మాటలు గుర్తుంచుకుంటే చాలు.

హికరీ అన్న పేరు చెట్టు నుంచి కాదు, వంటింటి నుంచి వచ్చింది. వర్జీనియా ప్రాంతపు ఆదివాసులు హికరీ కాయలను పెంకుతో సహా దంచి, నీటిలో కలిపి, వడకట్టి పాల వంటి ద్రవం తీసేవారు. దానిని వాళ్లు పిలిచిన ‘పాకోహికోరా’ అన్న మాట ఆంగ్లేయుల నోట అరిగిపోయి హికరీగా మిగిలింది. 1770లలో అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో తిరిగిన వృక్షశాస్త్రవేత్త విలియం బార్‌ట్రమ్, క్రీక్ ఆదివాసుల ఇళ్లలో ఈ కాయలు పెద్ద ఎత్తున నిల్వ ఉండటం చూశాడు. దంచిన కాయలను మరిగే నీటిలో వేసి తీసిన పాలను వాళ్లు చాలా వంటల్లో వాడేవారని రాశాడు. కొబ్బరి తురుము పిండి పాలు తీసే తెలుగిళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. చాలా అడవి హికరీల్లో పెంకు రాయిలా గట్టిగా, పప్పు ముక్కలు ముక్కలుగా ఇరుక్కుని ఉంటుంది. పప్పును పుల్లతో గుచ్చి తీయడం కన్నా మొత్తం దంచి నీటిలో వేయడమే తెలివైన పని. పెంకులు అడుగుకు దిగుతాయి, నూనె నిండిన పప్పు పాలుగా మారి పైకి వస్తుంది.

పెకాన్ అన్న మాట కూడా ఆదివాసీ భాషల నుంచే వచ్చింది. రాయితో పగలగొట్టాల్సిన కాయ అని దాని అర్థం. అయితే హికరీల్లోకెల్లా పెంకు పలచగా, పప్పు నిండుగా ఉన్నది పెకానే. మంచి రకాల్లో కాయ బరువులో దాదాపు సగం పప్పే ఉంటుంది. ప్రపంచ మార్కెట్ దీన్ని ఎంచుకోవడానికి అదే కారణం.

మొదటి ప్రశ్న: చలి ఎంత?

పెకాన్ ఆకులు రాల్చే చెట్టు. చలికాలంలో మొగ్గలు నిద్రపోతాయి. కొంతకాలం చల్లదనం అనుభవించాకే ఆ నిద్ర తీరుతుంది. ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గి ఉన్న గంటలను కూడి ‘చలి గంటలు’ అని లెక్కిస్తారు. డెలీషియస్ తరహా యాపిల్ రకాలు ఇలాంటివి వెయ్యి గంటల వరకు కోరుకుంటాయి. పెకాన్ అవసరం అంతకన్నా చాలా తక్కువ. రకాన్ని బట్టి కొన్ని వందల గంటలు సరిపోతాయి. పైగా పెకాన్‌లో చలికీ వేడికీ మధ్య ఒక సర్దుబాటు ఉంది. చలి కొంత తగ్గినా వసంతంలో వేడి ఎక్కువగా అందితే మొగ్గలు విచ్చుకోగలవు. కాకపోతే అన్నీ ఒకేసారి కాక విడతలు విడతలుగా, ఆలస్యంగా విచ్చుకుంటాయి.

ఇక కాయ పెరగడానికి పొడవైన, వేడైన వేసవి కావాలి. మంచు పడని రోజులు కనీసం ఆరు నెలలైనా ఉండాలి. యాపిల్ చల్లని కొండల చెట్టయితే, పెకాన్ చలికాలం ఉన్న వేడి ప్రదేశాల చెట్టు.

ఈ లెక్కన ఇందిరాపురం ఎక్కడ నిలుస్తుంది? వేసవికి కొదవ లేదు. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 7-8 డిగ్రీల దగ్గరకు దిగుతుంది, పొగమంచు కమ్మిన రోజుల్లో పగలు కూడా చల్లగానే ఉంటుంది. అంటే పరిస్థితి పూర్తిగా ప్రతికూలం కాదు, అలాగని భరోసా ఇచ్చేంత అనుకూలమూ కాదు. ఒక ఏడాది చలి బాగా పడితే మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి, మరో ఏడాది తడబడతాయి. దట్టమైన భవనాలు, కాంక్రీటు రాత్రివేళ వేడిని వదులుతూ ఉండటం వల్ల నగరం నడిబొడ్డున చలి గంటలు పొలాలకన్నా తగ్గుతాయి కూడా. విజయవాడ, రాజమహేంద్రవరం వంటి చోట్ల ఈ ప్రశ్న దగ్గరే కథ ముగుస్తుంది. అక్కడి చలికాలం పెకాన్ మొగ్గను నిద్ర లేపడానికి చాలదు.

రెండో ప్రశ్న: తోడు ఎవరు?

పెకాన్ పూత అర్థం కావాలంటే మొక్కజొన్నను తలచుకోవాలి. ఒకే మొక్కపై మగపూలు, ఆడపూలు వేర్వేరుగా ఉంటాయి. రంగు రేకులు లేవు, తేనె లేదు, తేనెటీగలతో పని లేదు. పుప్పొడిని మోసేది గాలే. గత ఏడాది కొమ్మ మీద నుంచి మగపూల గుత్తులు పచ్చని తోరణాల్లా వేలాడతాయి. ఈ ఏడాది వచ్చిన లేత చిగురు చివర చిన్న ఆడపూలు నిలుస్తాయి.

చిక్కంతా సమయం దగ్గరే. ఒక చెట్టులో మగ, ఆడ పూలు సాధారణంగా ఒకే సమయంలో సిద్ధం కావు. కొన్ని రకాల్లో పుప్పొడి ముందు రాలిపోతుంది, ఆడపూలు తర్వాత సిద్ధమవుతాయి. మరికొన్నింట్లో ఆడపూలు ముందు, పుప్పొడి తర్వాత. మొదటి తరహా చెట్టు పుప్పొడి రాల్చే వేళకు రెండో తరహా చెట్టు ఆడపూలు ఎదురుచూస్తుంటాయి. తర్వాత పాత్రలు తారుమారవుతాయి. ఈ ఏర్పాటు వల్ల చెట్టు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందకుండా, వేరే చెట్టుతో కలుస్తుంది. సంతానంలో బలం, వైవిధ్యం పెరుగుతాయి.

అక్రోటు చెట్లలోనూ ఇదే ఏర్పాటు ఉంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం దీని జన్యు మూలాన్ని చూపింది. చెట్టు ఏ తరహాదో నిర్ణయించేది జన్యుపదార్థంలోని ఒకే ఒక్క చోటు. అయితే అక్రోటులో ఆ చోటు వేరు, హికరీల్లో వేరు. రెండు వర్గాల్లోనూ ఈ జన్యు రూపాలు కోట్ల సంవత్సరాల నాటివి. అడవిలో ఒక తరహా చెట్లు తగ్గితే వాటికి జోడీలు సులువుగా దొరికి సంతానం పెరుగుతుంది. అందుకే రెండు తరహాలూ దాదాపు సమానంగా కొనసాగుతూ వచ్చాయి.

తోట వేసేవారికి దీని అర్థం సూటిగా ఉంది. ఒంటరి పెకాన్ చెట్టు నిండుగా కాపు ఇవ్వదు. రెండు తరహాల నుంచీ చెట్లు ఉండాలి, వాటి పూత కాలాలు కలవాలి. వెస్టర్న్ ష్లే, డిజైరబుల్, పానీ రకాలు మగపూలు ముందు వచ్చే తరహా. మహాన్, విచిటా, స్టూవర్ట్ రకాలు ఆడపూలు ముందు వచ్చే తరహా. వెస్టర్న్ ష్లే, విచిటాలను పక్కపక్కన వేయడం చాలా దేశాల్లో వాడుకలో ఉన్న జోడీ. నర్సరీ వాడు రకం పేరు చెప్పకుండా వట్టి ‘పెకాన్ మొక్క’ అంటూ అమ్మితే, దానికి ఏ జోడీ కావాలో తెలుసుకునే దారి లేదు.

ఊళ్లో మరెక్కడా పెకాన్ చెట్టు లేని ఇందిరాపురంలో ఒక్క మొక్క నాటడమంటే, ఎవరూ మాట్లాడని భాషలో పలకరింపు కోసం ఎదురుచూడటమే.

మూడో ప్రశ్న: వేరుకు చోటెంత?

పెకాన్ టెంక మొలకెత్తగానే ముందుగా చేసే పని ఆకులు వేయడం కాదు, తల్లివేరును లోతుకు దింపడం. పైన జానెడు మొక్క కనిపించేసరికి కింద వేరు దానికి రెట్టింపు లోతుకు పోయి ఉంటుంది. నదీతీరంలో లోతున ఉన్న తేమను అందుకోవడానికి ప్రకృతి నేర్పిన పద్ధతి ఇది. పెద్ద చెట్టు ఇరవై నుంచి నలభై మీటర్ల ఎత్తు పెరుగుతుంది. వందేళ్లు దాటి బతుకుతుంది. తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య పది, పన్నెండు మీటర్ల దూరం వదిలినా, వయసు మీరాక ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

కుండీలో తల్లివేరు అడుగును తాకి చుట్టలు తిరుగుతుంది. ఆ చుట్టే తర్వాత చెట్టుకు ఉరితాడవుతుంది. బాల్కనీ సంగతి అటుంచి, అపార్ట్‌మెంట్ల మధ్య కనిపించే పచ్చికలో చాలా భాగం కింద నేల ఉండదు, వాహనాలు నిలిపే బేస్‌మెంట్ పైకప్పు ఉంటుంది. దానిపై పరిచిన మట్టి పూలమొక్కలకు సరిపోతుంది, పెకాన్‌కు సరిపోదు. హిండన్ నది ఒండ్రు మీద వెలసిన ఇందిరాపురంలో అడుగున ఉన్న నేల నిజానికి ఈ చెట్టు మెచ్చేదే. కానీ ఆ నేల ఇప్పుడు కాంక్రీటు కింద ఉంది. నేరుగా భూమి మీదే ఉన్న పెద్ద పార్కుల్లోనే అవకాశం ఉంటుంది. అక్కడా ఒక జాగ్రత్త అవసరం. గాలికి తేలే పెకాన్ పుప్పొడి కొందరిలో తుమ్ములు, ఆయాసం వంటి అలర్జీ తెస్తుంది. ఇళ్ల కిటికీలకు ఆనించి నాటే చెట్టు కాదిది.

నాలుగో ప్రశ్న: జింకు అందుతుందా?

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా తోటల్లో పెకాన్ చెట్లకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ఆకులు చిన్నవై, పసుపెక్కి, కొమ్మ చివర గులాబీ రేకుల్లా గుత్తులు కట్టేవి. కొమ్మలు చివరి నుంచి ఎండుతూ వచ్చేవి. ఇనుము లోపమేమోనని 1930ల ఆరంభంలో పరిశోధకులు ఇనుము లవణాల ద్రావణాలు ఇచ్చి చూశారు. కొన్ని చెట్లు కోలుకున్నాయి, కొన్ని కోలుకోలేదు. తేడా ఎక్కడుందని వెతికితే ద్రావణం కలిపిన పాత్రల దగ్గర తేలింది. జింకు పూత ఉన్న రేకు పాత్రల్లో కలిపిన మందే పనిచేసింది. చెట్టును బాగు చేసింది ఇనుము కాదు, పాత్ర గోడ నుంచి కరిగిన జింకు!

ఈ కథకు మన దేశంలో ఒక తోబుట్టువు ఉంది. హిమాలయాల పాదాల దగ్గరి తరాయి ప్రాంతంలో వరి పైరును తుప్పు రంగు మచ్చలతో ఎండగట్టిన ‘ఖైరా’ కూడా జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త వై.ఎల్. నేనే తేల్చారు. ఆయన తర్వాతి కాలంలో హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. వరి మడిలో జింకు సల్ఫేట్ చల్లే తెలుగు రైతుకు ఈ పోషకం విలువ చెప్పనక్కర్లేదు.

గంగా మైదానపు నేలల్లో క్షారగుణం ఎక్కువ. అలాంటి నేలలో జింకు ఉన్నా వేరుకు అందని రూపంలో బిగుసుకుపోతుంది. కాబట్టి పెకాన్‌కు జింకును మట్టిలో వేయడంకన్నా వసంతంలో విచ్చుకునే లేత ఆకుల మీద పిచికారీ చేయడమే మేలు. ఆకు ముదిరాక లోపలికి వెళ్లేది తక్కువ. మోతాదును ఆకుల పరీక్ష చేయించి, స్థానిక ఉద్యాన అధికారుల సలహాతో నిర్ణయించుకోవాలి.

సూక్ష్మపోషకాల విషయంలో ఈ చెట్టు మరో పాఠం కూడా నేర్పింది. లేత ఆకుల కొసలు ఎలుక చెవిలా గుండ్రంగా మారే జబ్బుకు నికెల్ లోపమే కారణమని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2004లో చూపారు. పొలంలో పెరిగే మొక్కకు నికెల్ కూడా కొరవడుతుందని వ్యవసాయ శాస్త్రానికి తెలియజెప్పిన చెట్టు పెకాన్.

అంటు కట్టిన చేతులు

మామిడి టెంక పాతితే బంగినపల్లి వస్తుందన్న హామీ లేదని తెలుగువారికి తెలుసు. పెకాన్ కూడా అంతే. విత్తనం నుంచి వచ్చిన చెట్టు తల్లి లక్షణాలు చూపదు, కాపుకు రావడానికి పదేళ్లకు పైగా తీసుకోవచ్చు. మేలైన రకం కావాలంటే అంటు కట్టాల్సిందే. అంటు మొక్క అయిదు నుంచి ఏడేళ్లలో కాపు మొదలుపెడుతుంది. నిండు కాపుకు ఇంకొన్నేళ్లు పడుతుంది.

పెకాన్‌ను అంటు కట్టడం కష్టమని పేరు. దాన్ని తోటల స్థాయిలో సాధించి చూపిన తొలి వ్యక్తి ఒక బానిస. లూసియానాలోని ఓక్ ఆలీ ఎస్టేటులో తోటమాలిగా ఉన్న ఆంట్వాన్ 1846-47 చలికాలంలో 16 చెట్లకు విజయవంతంగా అంటు కట్టాడు. చరిత్రలో అతని ఇంటిపేరు కూడా మిగల్లేదు. ఆ చెట్ల సంతతికి చెందిన కాయలు 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలో బహుమతి గెలుచుకున్నాయి. దాంతో ఆ రకానికి ‘సెంటినియల్’ అన్న పేరు స్థిరపడింది. ఈనాటి తోటల్లోని మేలు రకాలన్నీ ఆ చేతులు చూపిన దారిలోనే వ్యాపించాయి.

మన దేశంలో ఎక్కువగా వాడేది పట్టీ పద్ధతి. వేసవి చివర, వానలు మొదలయ్యే వేళ కింది మొక్క బెరడును దీర్ఘచతురస్రంగా తొలగించి, మేలు రకం కొమ్మ నుంచి మొగ్గతో సహా తీసిన అదే కొలత బెరడును అక్కడ అతికిస్తారు. చలికాలం చివర నాలుక అంటు కూడా కడతారు. కింది మొక్క కోసం విత్తనం వేసేవారు పచ్చి కాయలనే వాడాలి. దుకాణంలో దొరికే వలిచిన, వేయించిన పప్పు మొలకెత్తదు. కాయలను తడి ఇసుకలో కలిపి రెండు, మూడు నెలలు చల్లని చోట ఉంచితే మొలక సమానంగా వస్తుంది.

నాటడానికి చలికాలం, అంటే ఆకులు లేని డిసెంబరు-ఫిబ్రవరి నెలలు అనుకూలం. మీటరు లోతు గొయ్యి తీసి, తల్లివేరు వంగకుండా నిలువుగా దింపాలి. అంటు ముడి నేలకు పైనే ఉండాలి. వర్షపు నీరు నిలిచిపోయే చోటు పనికిరాదు. తొలి ఏళ్లలో ఒకే ప్రధాన కాండం పైకి సాగేలా కత్తిరింపులు చేయాలి. చెట్ల మధ్య ఖాళీలో పప్పుధాన్యాలు, కూరగాయలు వేసుకోవచ్చు.

నీరు అందించే కాలమూ ముఖ్యమే. కాయ ముందు సైజు పెరుగుతుంది. పెంకు గట్టిపడ్డాకే లోపల పప్పు నిండుతుంది. పప్పు నిండే వర్షాకాలం చివరి వారాల్లో నేల ఎండిపోతే బయటికి నిండుగా కనిపించే కాయ లోపల డొల్లగా మిగులుతుంది. మరోవైపు వానాకాలపు తేమలో కాయ తోలుపై నల్లటి గజ్జి తెగులు వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో పచ్చని పైతోలు నాలుగు చీలికలుగా విచ్చుకుని కాయలు రాలతాయి. అప్పటికి ఉడతలూ పక్షులూ తమ వాటా కోసం సిద్ధంగా ఉంటాయి. ఒక ఏడాది విరగకాసిన చెట్టు మరుసటి ఏడాది మొహం చాటేయడం మామిడిలాగే పెకాన్‌కూ అలవాటు.

300 కిలోమీటర్ల దూరంలో

ఇందిరాపురంలో ఒక్కొక్కటిగా తప్పిపోయే ఈ నాలుగు షరతులూ ఉత్తరాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని హిమాచల్ ప్రదేశ్ మధ్య ఎత్తు కొండల్లో ఒకచోట కలుస్తాయి. మండీ, కుల్లూ, కాంగ్రా, సిర్మౌర్ వంటి జిల్లాల లోయల్లో పెకాన్ తోటలున్నాయి. ఉత్తరాఖండ్‌లోనూ, జమ్మూ ప్రాంతంలోనూ ఈ చెట్టు పెరుగుతోంది. సోలన్ దగ్గర నౌనీలోని డాక్టర్ వై.ఎస్. పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం, శ్రీనగర్‌లోని కేంద్ర సమశీతోష్ణ ఉద్యాన సంస్థ వంటివి గింజ పంటల రకాలు, అంటు పద్ధతులపై పనిచేస్తున్నాయి.

ఆ కొండల్లో పెకాన్‌కు ఇప్పుడు ప్రాధాన్యం పెరగడానికి వాతావరణం ఒక కారణం. చలికాలాలు వేడెక్కుతున్న కొద్దీ యాపిల్‌కు కావాల్సిన చలి గంటలు దిగువ లోయల్లో తగ్గుతున్నాయి. కుల్లూ లోయలో యాపిల్ తోటలు ఎగువకు జరుగుతున్నాయి. దిగువన దానిమ్మ, పెర్సిమన్ వంటివి ఆ చోటును ఆక్రమిస్తున్నాయి. తక్కువ చలితో సరిపెట్టుకుని వేసవి వేడిని ఇష్టపడే పెకాన్ కూడా ఆ వరుసలో నిలబడగల పంట. పైగా ఎండిన కాయ యాపిల్‌లా వారాల్లో కుళ్లిపోదు. రోడ్డు తెగిపోయిన వానాకాలంలో మార్కెట్‌కు పరుగెత్తాల్సిన అవసరం ఉండదు.

అయితే ధర రైతు చేతిలో లేదు. ప్రపంచ ఉత్పత్తిలో అధిక భాగం అమెరికా, మెక్సికోలదే. పెకాన్ దిగుమతిపై 100 శాతంగా ఉన్న ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 2023 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో 30 శాతానికి తగ్గించారు. ఇందిరాపురంలో కొనేవారికి ఇది మంచి వార్త. ఏడేళ్లు ఎదురుచూసి తొలి కాపు చూస్తున్న కొండ రైతుకు మాత్రం గట్టి పోటీ. కాయ నాణ్యత, ఎండబెట్టడం, పెంకు తీసే యంత్రాలు, తాజాదనం వంటి విషయాల్లో దగ్గరి మార్కెట్ ఇచ్చే అనుకూలతను వాడుకోగలిగితేనే స్థానిక పంట నిలుస్తుంది.

పళ్లెంలో పెకాన్

వంద గ్రాముల పెకాన్ పప్పులో దాదాపు 690 కిలోక్యాలరీల శక్తి, 72 గ్రాముల కొవ్వు, 9 గ్రాముల ప్రొటీన్, దాదాపు 10 గ్రాముల పీచు ఉంటాయి. కొవ్వులో సగానికి పైగా ఆలివ్ నూనెలో ఉండే తరహా అసంతృప్త కొవ్వే. సంతృప్త కొవ్వు 6 గ్రాములే. పోలిక కోసం మన వేరుశనగ తీసుకుంటే, వంద గ్రాముల్లో 567 కిలోక్యాలరీలు, 49 గ్రాముల కొవ్వు, దాదాపు 26 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. అంటే ప్రొటీన్ కోసం అయితే పల్లీలే మేలు, ఖర్చూ తక్కువ. పెకాన్ ప్రత్యేకత దాని కొవ్వులో, గామా రూపంలోని విటమిన్ ఇ లో, మాంగనీసులో ఉంది. జింకు కోసం అంతగా తపించే ఈ చెట్టు, వంద గ్రాముల పప్పులో సుమారు 4.5 మిల్లీగ్రాముల జింకును తిరిగి ఇస్తుంది.

మామూలు చిరుతిళ్ల బదులు పెకాన్ తిన్నవారిలో చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గినట్లు కొన్ని ప్రయోగాలు చూపాయి. వాటిలో కొన్నింటికి పెకాన్ పరిశ్రమే నిధులిచ్చిందన్న సంగతీ గుర్తుంచుకోవాలి. ‘బదులు’ అన్నదే ఇక్కడ కీలకం. తినే భోజనానికి అదనంగా తింటే చేరేది క్యాలరీలే. రోజుకు గుప్పెడు, అంటే దాదాపు 30 గ్రాములు, ఇరవై అర చెక్కలు చాలు. అందులోనే 200 కిలోక్యాలరీలు ఉంటాయి.

వంటలో దీన్ని జీడిపప్పు వాడే చోట చాలావరకు వాడవచ్చు. సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయిస్తే సువాసన తేలుతుంది, మరీ ఎర్రబడితే చేదెక్కుతుంది. సేమ్యా పాయసంలో, పెరుగన్నం పైన, ఖర్జూరంతో కలిపి చుట్టిన ఉండల్లో బాగా ఇముడుతుంది. బెల్లం పాకంలో వేసి చిక్కీ చేస్తే పల్లీ చిక్కీకి కమ్మని అక్క అవుతుంది. అమెరికాలో పేరుమోసిన పెకాన్ పై, ప్రలీన్ మిఠాయిల రహస్యం కూడా ఈ పప్పు, పంచదార పాకం కలయికే. మిక్సీలో ఆపకుండా తిప్పితే నూనె వదిలి వెన్నలా మారుతుంది. పొడి కావాలంటే ఆపి ఆపి తిప్పాలి. నానబెట్టి రుబ్బి వడకడితే వచ్చే పాలు, ఆ పాత ‘పాకోహికోరా’కు చుట్టమే.

నిల్వలోనే చాలామంది నష్టపోతారు. అసంతృప్త కొవ్వు గాలికీ వేడికీ త్వరగా పాడవుతుంది. ఢిల్లీ మే నెల వేడిలో వంటింటి అలమరలో పెట్టిన పెకాన్ కొద్ది వారాల్లోనే పాత నూనె వాసన కొట్టవచ్చు. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే నెలల పాటు, డీప్ ఫ్రీజర్‌లో అయితే ఏడాది దాకా నిలుస్తుంది. బూజు పట్టినవి, చేదుగా అనిపించినవి పారేయాలి. అక్రోటు పడనివారికి పెకాన్ కూడా పడకపోయే అవకాశం చాలా ఎక్కువ. రెండిటి ప్రొటీన్లు దగ్గరి బంధువులు. చిన్న పిల్లలకు గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి పొడిగానో, వెన్నగానో ఇవ్వాలి.

మరి మొక్క సంగతి?

ఇందిరాపురం బాల్కనీకి పెకాన్ తగదు. భూమి ఉన్న చోట, రెండు తరహాల అంటు మొక్కలు తెచ్చి, వందేళ్ల చెట్టుకు సరిపడా స్థలం ఇవ్వగలిగితే ప్రయత్నించవచ్చు. నీడ మాత్రం తప్పకుండా దక్కుతుంది, కాయలు దక్కితే అదృష్టం. కాయలే కావాలనుకునేవారు చేయగలిగిన మంచి పని ఇంకొకటి ఉంది. పెట్టె మీద పండిన చోటు, ప్యాక్ చేసిన తేదీ చూసి, దీపావళి తర్వాత వచ్చే కొత్త పంటలో కొండల నుంచి దిగిన కాయను అడిగి కొనడం. కొనేవారు అడిగితేనే దుకాణదారు తెప్పిస్తాడు.

పరాయి గింజ మన నేలను సొంతం చేసుకోవడం కొత్త కాదు. పోర్చుగీసువారితో అమెరికా నుంచి వచ్చిన జీడిమామిడి ఈ రోజు శ్రీకాకుళం జిల్లా పలాసకు గుర్తింపుగా మారింది. జీడిమామిడికి చలికాలం అక్కర్లేదు, ఇసుక నేల, తీరపు ఎండ సరిపోయాయి. పెకాన్‌కు సరిపోయే చోటు తీరం కాదు, కొండ లోయ. ఏ చెట్టుకు ఏ చోటు అన్న లెక్క సరిగ్గా కుదిరినచోటే గింజ పంట అవుతుంది. కుదరని చోట అది ఏళ్ల తరబడి నీళ్లు పోయించుకునే ఆశగా మిగిలిపోతుంది.